నంబర్లు కలిసిన తుపాకీ

పొలం కొనబోయేవాడు మట్టి కంటే ముందు కాగితాలు చూస్తాడు. లింకు డాక్యుమెంట్లు వెనక్కి ఎంతదాకా ఉన్నాయి, ఈసీలో తాకట్టేమైనా కనిపిస్తోందా, సర్వే నంబరుకు హద్దులు సరిపోతున్నాయా అని ఒకటికి నాలుగుసార్లు చూసుకుంటాడు. ఒకే గట్టుకు అటూ ఇటూ రెండెకరాలుంటాయి. అదే నేల, అదే కాలవ నీరు. కాగితాలు సరిగ్గా ఉన్న ఎకరానికి పోటీపడి కొంటారు, దావాలో ఉన్న ఎకరం ముఖం ఎవరూ చూడరు. ఈ తెలివి మనకు ఒకరు నేర్పక్కర్లేదు. కానీ అదే మనిషి పాత నాణేలో, గడియారాలో, తుపాకులో కొనడానికి వెళ్తే కాగితాల సంగతి మరిచిపోతాడు. వస్తువు మెరుపు చూసి, ధరలు పెరుగుతున్నాయన్న మాట విని, జేబులో చెయ్యి పెడతాడు. ఈ అధ్యాయానికి పాత సైనిక స్నైపర్ రైఫిళ్ల మార్కెట్‌ను ఎంచుకోవడానికి కారణం అదే. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఈ తుపాకుల ధరలు అమెరికాలో, బ్రిటన్‌లో, కెనడాలో పాతికేళ్లుగా పెరుగుతూ వచ్చాయి. ఆ పెరుగుదలను దగ్గరికెళ్లి చూస్తే, పెరిగింది ఇనుముకూ చెక్కకూ కట్టే ధర కాదని తెలుస్తుంది. ఈ తుపాకీ నిజంగా అదేనని నిరూపించగల సాక్ష్యానికి ధర పెరిగింది. ఈ తేడా పట్టుకున్నవాళ్లు లాభపడ్డారు. పట్టుకోనివాళ్లు అదే మార్కెట్లో, అదే సంవత్సరంలో, అదే పేరున్న వస్తువు కొని నష్టపోయారు.

ఒక తుపాకీని చేతిలోకి తీసుకుని చూద్దాం. మన పోలీసు స్టేషన్లలో, ఎన్‌సీసీ శిబిరాల్లో త్రీ నాట్ త్రీ అని పిలుచుకున్న రైఫిల్ కుటుంబంలోదే లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. ఇవి మొత్తం 40 లక్షలకు పైగా తయారయ్యాయి. ఫ్యాక్టరీలో పరీక్షకు కాల్చినప్పుడు మిగతావాటికంటే గురి బాగా నిలిచినవాటిని ఏరి పక్కన పెట్టేవారు. బర్మింగ్‌హామ్ దగ్గర షిర్లీలోని బీఎస్ఏ ఫ్యాక్టరీ నుంచి ఇలాంటివి ఎక్కువగా వచ్చాయి. 1942 నుంచి వాటిని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీకి పంపారు. మన మహారాజులకు వేట తుపాకులు చేసి ఇచ్చిన లండన్ కంపెనీ అదే. అక్కడి పనివాళ్లు తుపాకీ ఎడమ పక్కన రెండు ఉక్కు ప్యాడ్‌లు బిగించారు. గురి చూసేటప్పుడు చెంప ఆనించుకోవడానికి మడమ మీద ఒక చెక్క దిమ్మ స్క్రూలతో అమర్చారు. ఆ ప్యాడ్‌లకు బ్రాకెట్ తగిలించి నంబర్ 32 అనే టెలిస్కోప్ పెట్టారు. ఆ టెలిస్కోప్‌ను మొదట బ్రెన్ మెషిన్‌గన్ కోసం తయారు చేశారు, తర్వాత స్నైపర్ల చేతికి వచ్చింది. ఇలా 20 వేలకు పైగా తుపాకులు తయారయ్యాయి. పేరు చివర టి అన్న అక్షరం చేరింది. 40 లక్షల్లో 20 వేలంటే, రెండు వందల్లో ఒకటి.

ఇప్పుడు దాని ఒంటి మీది గుర్తులు చూడండి. ఇనుప దేహానికి ఎడమ పక్కన టి అక్షరం కొట్టి ఉంటుంది. బీఎస్ఏ ఏరినదైతే టీఆర్ అనే గుర్తు కూడా కనిపిస్తుంది. మడమ అడుగున ఎస్ 51 అని ఉంటుంది. యుద్ధకాలంలో హాలండ్ కంపెనీకి ఇచ్చిన సంకేతం అది. అసలు విశేషం మడమ మెడ దగ్గరుంది. అక్కడ చెక్కలోకి కొట్టిన నంబరు తుపాకీది కాదు, ఆ తుపాకీకి జతచేసిన టెలిస్కోప్‌ది. టెలిస్కోప్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ మీద ఉన్న నంబరేమో తుపాకీది. ఒకరి పేరు మరొకరు పచ్చబొట్టు పొడిపించుకున్నట్టు ఉంటుంది ఆ జత. దీని వెనుక పెద్ద భావుకత ఏమీ లేదు. ప్రతి టెలిస్కోప్‌నూ ఒక తుపాకీకే గురి సరిచూసి బిగించారు. మరమ్మతుకు పోయిన రెండు తుపాకుల టెలిస్కోప్‌లు తారుమారైతే గురి తప్పుతుంది, యుద్ధరంగంలో ఒక ప్రాణం పోతుంది. అందుకని ఆయుధ కార్ఖానా వాళ్లు వేసుకున్న జాగ్రత్త గుర్తు అది. ఎనభై ఏళ్ల తర్వాత ఆ జాగ్రత్త గుర్తే ఈ తుపాకీ విలువలో సింహభాగం మోస్తోంది. నంబర్లు కలిసి, టెలిస్కోప్ డబ్బా, రవాణా పెట్టె కూడా ఉన్న జత వేల డాలర్లు పలుకుతుంది. నంబర్లు కలవని తుపాకీ, అంతే గురితో కాల్చేదైనా, చాలా వెనకబడిపోతుంది.

జతలు ఎలా విడిపోయాయో తెలిస్తేనే కలిసి ఉన్నవాటికి అంత ధర ఎందుకో అర్థమవుతుంది. యుద్ధం అయిపోయాక సైన్యాలకు ఇవి పాత సరుకు. మిగులు సరుకు కొన్న వ్యాపారులు టెలిస్కోప్ విడిగా, తుపాకీ విడిగా అమ్మితే ఎక్కువ వస్తుందనుకున్నారు. వేటగాళ్లు చెక్క కోసేసి బరువు తగ్గించుకున్నారు. 1970ల మొదట్లో బ్రిటిష్ సైన్యం తన దగ్గరున్న వాటిలో వెయ్యి పైచిలుకు తుపాకులకు 7.62 మిల్లీమీటర్ల బ్యారెల్ వేసి ఎల్42ఏ1 అనే కొత్త స్నైపర్‌గా మార్చింది. 1982 ఫాక్‌ల్యాండ్స్ యుద్ధానికి వెళ్లినవి అవే. అలా మారిన ప్రతి తుపాకీతో పాత జత ఒకటి తగ్గింది. ఈ వినాశనం జరుగుతున్నప్పుడు ఎవరూ బాధపడలేదు, బాధపడే కారణమూ లేదు. వస్తువు విస్తారంగా ఉన్నంతకాలం దాని చరిత్రను ఎవరూ దాచుకోరు. మన ఇళ్లలో తాతల నాటి దస్తావేజుల పెట్టెలు అటక మీద చెదలు పట్టింది కూడా ఇలాగే.

ధర పెరగడానికి రెండో కారణం చట్టాలు. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం విదేశీ సైనిక మిగులు తుపాకుల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. 1980ల్లో సవరణలు వచ్చి, యాభై ఏళ్లు దాటినవాటిని సేకరణ వస్తువులుగా గుర్తించి దారి కొంత తెరిచారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక రష్యా, ఉక్రెయిన్ గోదాముల నుంచి మోసిన్ నాగంట్ రైఫిళ్లు పెట్టెలకు పెట్టెలు వచ్చిపడ్డాయి. 2000ల మొదట్లో మామూలు మోసిన్ 100 డాలర్ల లోపే దొరికేది. పీయూ టెలిస్కోప్ ఉన్న స్నైపర్ మోసిన్ కొన్ని వందల డాలర్లకు వచ్చేది. రష్యా తుపాకుల దిగుమతి మీద 2014లో కొన్ని ఆంక్షలు, 2021లో మరింత గట్టి ఆంక్షలు వచ్చాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. కుళాయి కట్టేశాక బిందెలో ఉన్న నీటికే ధర. ఒకప్పుడు చవక తుపాకీ అని చులకనగా చూసిన మోసిన్ ఇవాళ చాలా రెట్లు పెరిగింది. స్నైపర్ రకం వెయ్యి డాలర్లు దాటింది.

మూడో కారణం కథలు. 1998లో సేవింగ్ ప్రైవేట్ ర్యాన్, 2001లో ఎనిమీ ఎట్ ది గేట్స్ సినిమాలు వచ్చాయి. 2003 నుంచి కాల్ ఆఫ్ డ్యూటీ వీడియో గేములు. యుద్ధం చూడని తరానికి ఈ తుపాకుల రూపం కంఠతా వచ్చేసింది. స్టాలిన్‌గ్రాడ్ స్నైపర్ వాసిలీ జైట్సెవ్ పేరు చెప్పి మోసిన్ అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. కథ కొనేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. జైట్సెవ్ తుపాకీ వోల్గోగ్రాడ్ మ్యూజియంలో ఉంది, మార్కెట్లోకి రాదు. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం 1943 ఫిబ్రవరి 2న ముగిసింది. మార్కెట్లో దొరికే పీయూ స్నైపర్లలో ఎక్కువ భాగం 1943, 1944ల్లో ఇజెవ్స్క్ ఫ్యాక్టరీలో తయారైనవి. బ్యారెల్ మీద 1944 అని ఉన్న తుపాకీ స్టాలిన్‌గ్రాడ్ చూసే అవకాశమే లేదు. అది ఒక్క చూపులో తేలే సంగతి. అయినా ఆ ఒక్క చూపు చూడకుండా కథకు డబ్బు కట్టినవాళ్లున్నారు. చదవగలిగిన మనిషి కూడా తన కోరికకు అడ్డొచ్చే అంకెను చదవడు. కొనాలన్న తొందరలో ఉన్న మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే చిన్న పరీక్ష నాకు తెలియదు.

నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం రెండు అమెరికన్ తుపాకుల పోలికలో ఉంది. మొదటిది 1903ఏ4. రెమింగ్టన్ కంపెనీ 1943, 44ల్లో వీటిని 28 వేలకు పైగా చేసింది. విచిత్రమేమిటంటే దీని ఒంటి మీద ఏ4 అని ఎక్కడా రాసి ఉండదు. మామూలు రైఫిల్‌లాగే 03-ఏ3 అనే ఉంటుంది. మరి తేడా ఎక్కడ? టెలిస్కోప్ దిమ్మ పైన కూర్చుంటే అక్షరాలు కనబడవు కనుక, ఏ4 మీద పేరును ఒక పక్కకు, సీరియల్ నంబరును మరో పక్కకు జరిపి కొట్టారు. మామూలు ఏ3కి రంధ్రాలు వేసి టెలిస్కోప్ బిగించి ఏ4 అని అమ్మే మోసగాడు అక్షరాలను పక్కకు జరపలేడు. అవి దిమ్మ కింద సగం దాక్కుని అతన్ని పట్టిస్తాయి. అంటే ఇక్కడ సాక్ష్యం లోహంలోనే ఉంది. తెలిసినవాడి కంటికి కాగితం అవసరం లేదు.

రెండోది ఎం1డి. ఇది ఎం1 గరాండ్ రైఫిల్‌కు స్నైపర్ రూపం. దీనికి ముందు వచ్చిన ఎం1సి తయారీలో తుపాకీ దేహానికే రంధ్రాలు వేయాల్సి వచ్చేది. యుద్ధకాలంలో అవి 8 వేలకు లోపే తయారయ్యాయి. ఎం1డిలో ఆ బాధ లేకుండా టెలిస్కోప్ పట్టును బ్యారెల్‌కే అమర్చారు. బ్యారెల్ మారిస్తే చాలు, మామూలు గరాండ్ స్నైపర్ అయిపోతుంది. సైన్యానికి అది గొప్ప సౌకర్యం, సేకర్తకు అదే పెద్ద చిక్కు. సైన్యపు వర్క్‌షాపులో మారిన తుపాకీకీ, నిన్న ఎవరో షెడ్డులో అసలు విడిభాగాలతోనే మార్చిన తుపాకీకీ లోహంలో తేడా కనిపెట్టడం దాదాపు అసాధ్యం. అదే దేహం, అదే బ్యారెల్, అదే టెలిస్కోప్. తేడా అంతా ఒక కాగితంలో ఉంది. పౌరులకు సైనిక రైఫిళ్లు అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం లేదా దానికంటే ముందు అదే పని చేసిన ప్రభుత్వ కార్యాలయం ఆ సీరియల్ నంబరు తుపాకీని స్నైపర్‌గా అమ్మినట్టు ఇచ్చిన కాగితం ఉంటే ఒక ధర. లేకపోతే దాన్ని విడిభాగాల కూర్పు అనే అంటారు. తుపాకీ ఒకటే అయినా ధర రెండు రకాలు. వస్తువు విలువ వస్తువులోనే ఉంటుందని నమ్మేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పాలి. పసిఫిక్ యుద్ధం నుంచి అమెరికన్ సైనికులు తెచ్చుకున్న జపాన్ రైఫిళ్లదీ ఇదే కథ. ఈ తుపాకీని ఇంటికి తీసుకెళ్లడానికి ఈ సైనికుడికి అనుమతి ఉంది అని 1945లో ఒక అధికారి సంతకం చేసిన చీటీ తుపాకీతో పాటు మిగిలి ఉంటే, ధర ఒక మెట్టు పైకి వెళ్తుంది. ఆ రోజు ఆ చీటీకి విలువ లేదు, ఓడ ఎక్కడానికి చూపించే పాసు మాత్రమే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ధరలు పాతికేళ్లుగా పెరుగుతూనే ఉన్నాయి కదా, పెరిగే నీటిలో అన్ని పడవలూ లేస్తాయి, ఇంత శోధన ఎందుకు అని. లెక్క వేసి చూద్దాం. 2000లో ఒకరు వెయ్యి డాలర్లకు కొన్న తుపాకీని పాతికేళ్ల తర్వాత 5 వేలకు అమ్మారనుకోండి. అయిదు రెట్లు అనగానే గుండె ఉప్పొంగుతుంది. సంవత్సరానికి లెక్కేస్తే ఆరున్నర శాతం చిల్లర. వేలం సంస్థ అమ్మేవారి దగ్గర 15 శాతం కమిషన్ తీసుకుందనుకుంటే చేతికి వచ్చేది 4,250, అంటే ఏటా ఆరు శాతం. 2000లో వెయ్యి డాలర్లకు వచ్చిన సరుకుకు ఇప్పుడు 1,800 పైనే పెట్టాలి. ద్రవ్యోల్బణం తీసేస్తే నిజంగా మిగిలేది ఏటా మూడు శాతం పైచిలుకు. బీమా, ఉక్కు బీరువా, పాతికేళ్లు తుప్పు పట్టకుండా చూసిన శ్రమ ఇందులో కలపలేదు. ఇది అసలైన తుపాకీ కొన్నవాడి లెక్క. నకిలీ కొన్నవాడు వెయ్యి పెట్టి ఆరేడు వందల విడిభాగాలు కొన్నట్టు. పెరిగే నీరు అతని పడవనూ కొంచెం లేపుతుంది, నిజమే. కానీ అమ్మే రోజున కొనేవాడు నిపుణుణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. ఆ రోజు బయటపడే చిల్లు పాతికేళ్ల కిందటిది.

కొరత శాశ్వతమని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. 2003లో నేపాల్ రాజధానిలోని లగన్ సిలేఖానా అనే పాత రాజభవనంలో దాచి ఉంచిన ఆయుధాలను రెండు అమెరికన్ కంపెనీలు కొన్నాయి. విక్టోరియా రాణి కాలపు మార్టినీ హెన్రీ రైఫిళ్లు వేల సంఖ్యలో ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందు రోజుదాకా అవి అరుదైన వస్తువులు. మోసిన్ కథలోనూ ఇదే జరిగింది, రెండు దిశల్లోనూ. 1990లకు ముందు అమెరికాలో పీయూ స్నైపర్ కనబడడమే అపురూపం. తలుపు తెరుచుకోగానే చవకయింది, మూసుకోగానే మళ్లీ పెరిగింది. తెలియని గోదాము తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం. తెరుచుకున్న రోజున కూడా నిలబడేది ఒక్కటే, ఈ ఫలానా తుపాకీకి ఉన్న ఫలానా చరిత్ర. వెయ్యి కొత్త తుపాకులు వచ్చినా నంబర్లు కలిసిన ఈ జతకు, సంతకం ఉన్న ఆ చీటీకి పోటీ రాలేవు.

నాకు తెలియకపోతే నిపుణుడికి డబ్బిచ్చి చూపించుకుంటాను అనేవారికి నా జవాబు: తప్పకుండా చూపించుకోండి, కానీ ముందు చదవండి. లీ ఎన్‌ఫీల్డ్ స్నైపర్ల మీద ఇయాన్ స్కెన్నర్టన్, పీటర్ లైడ్లర్ రాసిన పుస్తకాలున్నాయి. జర్మన్, అమెరికన్ స్నైపర్ల మీద పీటర్ సెనిచ్ రాసినవి ఉన్నాయి. లైడ్లర్ స్వయంగా బ్రిటిష్ సైన్యపు ఆయుధ మరమ్మతు నిపుణుడు, స్క్రూ ఎందుకు అలా బిగించారో చెప్పగల మనిషి. ఇలాంటి పుస్తకాలు నాలుగు కొన్నా ఒక తుపాకీ ధరలో చిన్న వంతు కూడా కాదు. చదవనివాడు నిపుణుణ్ణి ఏం అడగాలో ఎరగడు. ఇది అసలుదేనా అని మాత్రమే అడుగుతాడు. చదివినవాడు మడమ మెడ మీది నంబరు పాత అచ్చుదా, తర్వాత కొట్టిందా, కొట్టిన చోట చెక్క పొర కొత్తగా కనిపిస్తోందా అని అడుగుతాడు. డాక్టరు దగ్గరికి లక్షణాలు రాసుకుని వెళ్లే రోగికీ, ఒంట్లో బాగోలేదని మాత్రమే చెప్పే రోగికీ ఎంత తేడానో అంత తేడా. పైగా నిపుణుల్లో అమ్మేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల మాటను తూచడానికైనా మీ దగ్గర సొంత తక్కెడ ఉండాలి.

అతుకులు వేసిన తుపాకీని కొనడం తప్పేమీ కాదని కూడా అంటారు. ఇది నేను ఒప్పుకుంటాను. సోవియట్ కార్ఖానాల్లో యుద్ధం తర్వాత మోసిన్‌లను బాగుచేసేటప్పుడు టెలిస్కోప్‌లు మారాయి, నంబర్లు కొత్తగా వేశారు. కొన్ని స్నైపర్ల రంధ్రాలు పూడ్చి మామూలు రైఫిళ్లుగా మార్చారు. తర్వాత వ్యాపారులు ఆ పూడ్చిన రంధ్రాలు తెరిచి మళ్లీ టెలిస్కోప్ పెట్టారు. ఇవన్నీ ఆ తుపాకీ బతుకులో భాగమే. అలాంటిది అని చెప్పి, ఆ ధరకే అమ్మితే అది నిజాయితీ వ్యాపారం. కొన్నవాడు గోడకు తగిలించుకుని సంతోషించవచ్చు, చట్టం ఒప్పుకున్న చోట కాల్చుకోవచ్చు. బాధంతా ఆ మాట చెప్పకుండా మొదటి జత ధరకు అమ్మడంలో ఉంది. కనుక అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: ఇందులో ఏమేం మార్చారు? తడుముకోకుండా జాబితా చదివే వ్యాపారి దగ్గర కొనవచ్చు. ఏమీ మారలేదు, అంతా ఒరిజినలే అని ఎనభై ఏళ్ల తుపాకీ గురించి చెప్పేవాడి దగ్గర నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి.

మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువును దాచుకుని లాభం లెక్కపెట్టడం ఏం సంస్కారం అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. జైట్సెవ్ పేరున చెప్పే 225 అనే అంకె స్కోరు కాదు, 225 ఇళ్లలో దీపం ఆరిపోవడం. ఆ సంగతి మరిచి, గేములో చూసిన తుపాకీ కదా అని ఉబలాటంగా కొనేవాడికి ఆ ప్రశ్న తగలాల్సిందే. కానీ ఆ మరుపుకు విరుగుడు చరిత్రను చెరిపేయడంలో లేదు, కచ్చితంగా భద్రపరచడంలో ఉంది. ఏ ఫ్యాక్టరీలో ఎవరు చేశారు, ఏ పటాలానికి వెళ్లింది, ఎవరు ఇంటికి తెచ్చారు అన్నది తెలిసిన తుపాకీ యుద్ధానికి సాక్షి. కథలు అంటగట్టిన తుపాకీ ఆట వస్తువు. నకిలీ చరిత్ర చనిపోయినవాళ్లకు కూడా ద్రోహమే. అందుకే సాక్ష్యం కోసం పట్టుబట్టడం డబ్బు జాగ్రత్తతో పాటు మర్యాద కూడా అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన పాఠకుడి సంగతి. భారతదేశంలో ఉన్నవారికి ఇది చదువుకునే విషయమే గాని కొనే విషయం కాదు. త్రీ నాట్ త్రీ మన చట్టం ప్రకారం నిషిద్ధ బోరు. కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా దాన్ని ఉంచుకోవడం పెద్ద నేరం. ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరులకు అమ్మే రైఫిల్ 315 బోరులో రావడానికి కారణం అదే. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఉన్నవారు కూడా రెండుకు మించి తుపాకులు ఉంచుకోకూడదు. పాతది కదా, పురావస్తువు కదా అన్న వాదన పేలగలిగే స్థితిలో ఉన్న రైఫిల్‌కు నిలవదు. అమెరికాలో ఉన్న తెలుగువారు ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని, హంటింగ్ లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది. స్నేహితుడు కొన్నాడు, మనమూ కొందాం అనుకునే ముందు వకీలును అడగండి. గ్రీన్ కార్డు ఉన్నా రాష్ట్రానికో రకం నియమం. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో పాత రైఫిల్ కొనాలన్నా ముందుగా గుర్తింపు కార్డు తీసుకోవాలి. స్వదేశానికి తిరిగి వచ్చేటప్పుడు సామానులో తెచ్చుకునే వస్తువు కాదిది. ఉద్యోగం, వీసా, పిల్లల చదువు అన్నిటినీ పణంగా పెట్టే సేకరణ ఎంత అపురూపమైనదైనా వద్దు.

కొనగలిగే స్థితిలో, చట్టం ఒప్పుకునే చోట ఉన్నవారికి నా సలహా: మొదటి సంవత్సరం ఏమీ కొనకండి. ఒక్క రకాన్ని ఎంచుకోండి, లీ ఎన్‌ఫీల్డ్ గానీ గరాండ్ గానీ మోసిన్ గానీ. దాని పుస్తకాలు చదవండి. వేలం జరిగిన ప్రతిసారీ ఏ తుపాకీ ఎంతకు పోయింది, ఫొటోల్లో ఏ గుర్తు కనిపించింది, ఏది కనిపించలేదు అన్నది ఒక నోటుబుక్కులో రాసుకోండి. సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు కట్టే కమిషన్ వేరే ఉంటుందని మరిచిపోకుండా కలపండి. ఏడాది తిరిగేసరికి మీరు చూసినవాటిలో సగం మీద మీకే అనుమానం వస్తుంది. ఆ అనుమానమే మీ మొదటి ఆస్తి. ఈ ఏడాదిలో మంచి వస్తువు చేజారిపోతుందేమో అన్న భయం మిమ్మల్ని చాలాసార్లు లాగుతుంది. కొన్ని జారిపోతాయి కూడా. జారనివ్వండి. 20 వేల నంబర్ 4 టిలలో మీ జీవితకాలంలో మళ్లీ మళ్లీ అమ్మకానికి వచ్చేవి చాలానే ఉంటాయి. అప్పు చేసి మాత్రం ఎప్పుడూ కొనకండి. వడ్డీ నెలనెలా వస్తుంది, ఇలాంటి వస్తువుకు కొనేవాడు మాత్రం ఎప్పుడొస్తాడో తెలియదు.

కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది చేయనిది. సేకర్తలు పోయాక ఇంట్లోవాళ్లకు ఆ తుపాకీ ఏమిటో తెలియదు. టెలిస్కోప్ ఒకరికి, తుపాకీ ఒకరికి ఇచ్చేస్తారు. పెట్టెలో ఉన్న పాత చీటీని చెత్త అనుకుని పారేస్తారు. ఎనభై ఏళ్లు కలిసున్న జత ఒక్క మధ్యాహ్నంలో విడిపోతుంది. అందుకని ప్రతి వస్తువుకూ ఒక ఫైలు పెట్టండి. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో రసీదుతో సహా అందులో ఉంచండి. గుర్తులన్నిటి దగ్గరి ఫొటోలు, మీకు తెలిసిన చరిత్ర, మీకున్న సందేహాలు కూడా రాయండి. సందేహం దాచకండి. నిజాయితీగా రాసిన సందేహం రేపు కొనేవాడికి మీ మిగతా మాటల మీద నమ్మకం పెంచుతుంది. ఏ నంబరు దేనికి జతో పెద్ద అక్షరాల్లో మొదటి పేజీలో పెట్టండి. దాన్ని చట్టబద్ధంగా ఎవరికి అప్పగించాలో, అమ్మాల్సి వస్తే ఎవరిని అడగాలో కింద రాయండి. ఆ ఫైలు బీరువాలో ఎక్కడుందో ఈ రోజే ఇంట్లో ఇద్దరికి చూపించండి.